కొమ్ములు లెక్కించడం అడవిని కాపాడడం కాదు



జార్జియాలో మా అబ్బాయి ఇంట ఉన్న రోజులలో పొరుగింటి పెద్దమనిషి ఒకరు తమ వేట సంఘం ఎకరాకింత చొప్పున ఏటా కౌలుకు తీసుకొనే పైన్ తోటను చూపించారు. అది కలప కోసం పెంచే తోట. "మాది వట్టి వేట కాదు. కొమ్ములు సన్నగా ఉన్న మగ దుప్పులను ఏరి కాల్చి, మంచి వంశాన్ని నిలుపుతున్నాము" అన్నారు.

జన్మలో మాంసం ముట్టనివాడిని కనుక వేటనే ఖండిస్తానని మీరు అనుకోవచ్చు. కాదు. నా ఆక్షేపణ ఆ "ఏరడం" మీదనే.

1900 నాటికి ఆ దేశంలో తెల్లతోక దుప్పులు అయిదు లక్షలకు లోపే మిగిలాయని అంచనా. నేడవి దాదాపు మూడు కోట్లు. వాటిని తినే తోడేళ్లను చాలా రాష్ట్రాలలో మనిషే నిర్మూలించాడు. మితిమీరిన మంద మొలకలను మేసివేస్తే, ముసలి చెట్లే తప్ప పిల్ల చెట్లు లేని అడవి మిగులుతుంది. ఒకప్పుడు తానే తోడేళ్లను కాల్చిన ఆల్డో లియోపోల్డ్ ఆ పశ్చాత్తాపాన్ని 1949లో వెలువడిన గ్రంథంలో చెప్పుకొన్నాడు. కనుక తోడేలు చేసే పనిని ఎవరో ఒకరు చేయక తప్పదు.

అయితే ఎలా చేయాలి? మన కృష్ణజింక కొమ్ము రాలదు; దుప్పి కొమ్ము ఏటా రాలి ఏటా మొలుస్తుంది. దాని పరిమాణం వంశాన్నే కాక వయసునూ మేతనూ బట్టి ఉంటుంది. అయిదారేళ్లకు గాని అది పూర్తిగా ఎదగదు. ఏడాదిన్నర పిల్లకు కొమ్ము సన్నగా ఉంటే, ఆలస్యంగా పుట్టిందో, తల్లికి మేత చాలలేదో కావచ్చు. ఆరో తరగతిలో అక్షరదోషాలు రాసిన పిల్లవాణ్ణి చూసి వాడి వంశాన్నే తీర్మానించే పంతులును ఏమంటాం?

పైగా వంశంలో సగం తల్లిది. తల్లికి కొమ్మే లేదు, ఇక ఏమి చూసి ఏరుతారు? వయసు వచ్చిన మగపిల్లలు పుట్టిన చోటు విడిచి మైళ్ల దూరం పోతాయి. కౌలుభూమికి కంచె లేదు. టెక్సాస్‌లో ఏళ్ల తరబడి ఇలా ఏరి కాల్చి చూసిన పరిశోధకులకు కొమ్ములు పెరిగిన దాఖలా దొరకలేదు.

మందను అదుపు చేసేది ఆడవాటి సంఖ్య. 1975లో అల్ బ్రదర్స్, మర్ఫీ రే ప్రచురించిన పుస్తకం నుంచీ ఈ విద్య చెప్పేది ఒక్కటే: చిన్న మగవాటిని ఎదగనివ్వండి, ఆడవాటిని తగినన్ని తీయండి. కాని పలువురికి ఆడదుప్పిని కాల్చడానికి చేయి రాదు. మంద క్షీణించిన కాలంలో ఆడవాటిని కాపాడిన చట్టాలు నేర్పిన అలవాటది. నాటి ధర్మం నేటికి అధర్మమైంది.

ఇక మేత సంగతి. పైన్ కొమ్మలు కలిసిపోతే నేలకు ఎండ తగలదు, మేత మొలవదు. చెట్లను పలచన చేసి, అదుపులో నిప్పు పెట్టాలి. ఏడాది కౌలుదారుకు ఆ అధికారమూ లేదు, ఓపికా ఉండదు. కౌలు దీర్ఘకాలికం కావాలి; ఏటా ఎన్ని ఆడదుప్పులను తీయాలో పత్రంలోనే ఉండాలి.

లేడిపిల్లపై మమకారంతో భరత మహారాజు తపస్సు పోగొట్టుకొన్నాడు. కరుణ దోషం కాదు. ఒక్కదానిపై మోహం తక్కినదంతా మరపించడమే దోషం. కొమ్ములపై మోహమూ అంతే.

ఇదంతా చెబితే ఆ పెద్దమనిషి నవ్వి, "గోడకు తగిలించడానికి ఆడదానికి కొమ్ములు లేవే!" అన్నారు. నా వాదానికి అంతకు మించిన సాక్ష్యం నాకు దొరకదు.

దోషాలుంటే విజ్ఞులు దిద్దగలరు.