ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేస్తాం, బండి అడుగుని మాత్రం వదిలేస్తాం!

కొత్త ఫోన్ కొంటే బాక్స్ తెరిచిన గంటలోపే టెంపర్డ్ గ్లాస్, బ్యాక్ కేస్ వేసేస్తాం. ఇరవై వేల ఫోన్‌కే ఇంత జాగ్రత్త. మరి లక్షలు పోసి కొన్న ఫోర్ బై ఫోర్‌కి మొదట ఏం పెట్టిస్తున్నారు? లైట్ బార్, పెద్ద టచ్‌స్క్రీన్, స్నార్కెల్. అన్నీ రీల్స్‌లో కనిపించేవే. కనిపించనిది ఒక్కటే, బండి అడుగు భాగం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. రాళ్ల దారి ఎక్కాలనుకునే బండికి మొదటి యాక్సెసరీ స్కిడ్ ప్లేటే. మిగతావన్నీ ఆ తర్వాతే. లైట్ బార్ పగిలితే ఇంటికొచ్చి మార్చుకోవచ్చు. ఆయిల్ సంప్ పగిలితే అసలు ఇంటికే రాలేరు.

స్పెక్ షీట్ నంబర్‌ని నమ్ముకోవద్దు

త్రీ డోర్ థార్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., జిమ్నీకి 210 మి.మీ. అంటే సుమారు ఒక ఫుట్‌బాల్ ఎత్తు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది చదునైన నేల మీద కొలిచిన లెక్క. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి జీపులు ఎక్కే రాళ్ల బాట లాంటి చోట నేల చదునుగా ఎక్కడుంటుంది? ముందు చక్రం గుంతలోకి దిగిందంటే ఆ 226లో ఎంత మిగులుతుందో ఆ గుంతే చెబుతుంది.

ఇంకో అపోహ కూడా ఉంది. లిఫ్ట్ కిట్ వేయిస్తే అంతా పైకి లేస్తుందనుకుంటారు. బాడీ, ఇంజిన్, గేర్‌బాక్స్ లేస్తాయి, నిజమే. కానీ సాలిడ్ యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే టైర్ పెద్దదవ్వాలి. టైర్ రెండు అంగుళాలు ఎత్తు పెరిగితే డిఫరెన్షియల్ లేచేది ఒక్క అంగుళమే. జిమ్నీకి ముందూ వెనకా, థార్‌కి వెనక సాలిడ్ యాక్సిలే. కాబట్టి ఈ బండ్లకి డిఫ్ గార్డ్ విడిగా చూసుకోవాలి. ఇంజిన్ కింద వేసే ప్లేట్ దాన్ని కాపాడదు.

కారకపోయినా ప్రమాదమే

రాయి తగిలాక చాలామంది కిందకి వంగి చూసి, ఆయిల్ కారడం లేదు కదా అని బయల్దేరిపోతారు. ఇదే పెద్ద తప్పు. పోత అల్యూమినియం సంప్ అయితే పగులుతుంది, ఆయిల్ కారుతుంది, మీకు తెలిసిపోతుంది. రేకు సంప్ అయితే పగలకుండా లోపలికి సొట్టపోవచ్చు. లోపల ఆయిల్ పీల్చే గొట్టం సంప్ అడుగుకి దగ్గరగా ఉంటుంది. సొట్ట దాన్ని మూసేస్తే, సంప్ నిండా ఆయిల్ ఉన్నా ఇంజిన్‌కి సరిగ్గా అందదు. ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగినా పట్టించుకోకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ లైట్ వెలగ్గానే ఇంజిన్ ఆపేయాలి, ఇంకో మాట లేదు.

అన్నీ స్కిడ్ ప్లేట్లు కావు

చాలా ఎస్‌యూవీల బంపర్ కింద వెండి రంగులో మెరిసే ముక్కని స్కిడ్ ప్లేట్ అని బ్రోచర్‌లో రాస్తారు. తట్టి చూడండి, ప్లాస్టిక్. ఇంజిన్ కింద ఉండే నల్లటి కవర్ బురద నీళ్లు చిమ్మకుండా ఆపుతుంది, రాయిని ఆపదు. పక్కన ఫుట్‌స్టెప్ కూడా అంతే. అది కాలు పెట్టడానికి, బండి బరువు మోయడానికి కాదు. ఆ పని చేసేది చాసిస్‌కి బిగించిన రాక్ స్లైడర్.

అసలైన ప్లేట్ కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి. చదరపు మీటర్ 4 మి.మీ. స్టీల్ ప్లేట్ సుమారు 31 కిలోలు తూగుతుంది. అదే సైజులో 6 మి.మీ. అల్యూమినియం 16 కిలోలే. స్టీల్ రాయి మీద బాగా జారుతుంది, సొట్టపడితే సుత్తితో సరిచేసుకోవచ్చు, కానీ తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలిక, కానీ మెత్తన. పదునైన రాయి దాన్ని గీరుకుంటూ పోతుంది. తరచూ బండరాళ్ల మీదకి వెళ్లేవాళ్లకి స్టీల్, ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లకి అల్యూమినియం అని నా ఓటు.

లోహం కంటే బిగింపు ముఖ్యం. ప్లేట్ చాసిస్‌కే బోల్టులతో బిగించాలి, చాసిస్ మీద వెల్డింగ్ మాత్రం వద్దు. బోల్టు తలలు ప్లేట్ లోపలికి దిగి ఉండాలి, లేదంటే రాయి వాటిని కోసేస్తుంది. రెండు మూడు ప్లేట్లు ఉంటే ముందు ప్లేట్ వెనక అంచు, తర్వాతి ప్లేట్‌కి కిందుగా రావాలి. అప్పుడే రాయి అంచుకి తట్టుకోకుండా జారిపోతుంది. ఆయిల్ మార్చడానికి రంధ్రం ఉందో లేదో చూడండి. ట్రిప్ అయ్యాక ప్లేట్ పైన ఇరుక్కున్న బురద, ఎండుగడ్డి కడిగించండి. బురద తుప్పుకి దారి, వేడి సైలెన్సర్ పక్కన గడ్డి నిప్పుకి దారి.

ఐపీ67 ఉంటే చాలదా?

ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఉన్నవాళ్లకి ఈ మాట. ఐపీ67 అంటే లోపలికి దుమ్ము రాదు, మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉన్నా ఏమీ కాదు అని. ఫోన్ రివ్యూల్లో రోజూ చూస్తున్నదే. అందులో రాతి దెబ్బ గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఐపీ68 ఫోన్ కింద పడితే స్క్రీన్ పగలట్లేదా? బ్యాటరీ ప్యాక్‌దీ అదే సంగతి. అడుగున గట్టిగా తగిలితే, బండి మామూలుగా నడుస్తున్నా సర్వీస్ సెంటర్‌లో లిఫ్ట్ ఎక్కించి చూపించుకోవాల్సిందే.

ప్లేట్ ఉంది కదా అని...

చివరగా, ప్లేట్ వేయించగానే ధైర్యం ఎక్కువైపోయేవాళ్లని కూడా చూస్తుంటాం. టెంపర్డ్ గ్లాస్ ఉందని ఫోన్‌ని మేడ మీంచి పడేయం కదా! రాయి కనిపిస్తే దాన్ని చక్రాల మధ్య నుంచి దాటించాలని చూడటం కొత్తవాళ్లు చేసే పొరపాటు. టైర్‌ని రాయి మీదకే ఎక్కించండి, అప్పుడు బండి అడుగు దానితో పాటే లేస్తుంది. ఫోర్ లో, మొదటి గేర్, నడక వేగం. ముందు ఒక ఫ్రెండ్ దిగి నిలబడి దారి చూపిస్తే ఏ కెమెరా కన్నా అదే మేలు.

ప్లేట్ ఉన్నది మీ పొరపాటుని కాయడానికే, పొరపాటు చేయమని కాదు. ఈసారి బండికి ఏదైనా కొనే ముందు, ఒక్కసారి నేల మీద పడుకుని కిందకి చూడండి. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో అక్కడే అర్థమవుతుంది.