తీగకు పందిరి

తెలుగులో ‘తీగ’ అను ఒక్క మాటయే మల్లెకు, వీణకు, విద్యుత్తుకు చెల్లుచున్నది. మల్లెతీగకు పందిరి వేయని ఇల్లాలు లేదు. వీణతీగను బిరడకు బిగించని వైణికుడు లేడు. యంత్రముల వెనుకనున్న తీగలను మాత్రము మనము పాములపుట్టవలె వదలివేయుచున్నాము. ఉర్దూలో ‘సలీఖా’ అను చక్కని మాట కలదు. పనిలోని పొందికను, మనిషిలోని మర్యాదను ఆ ఒక్క మాట తెలుపును. మన ప్రయోగశాలలకు నేడు కావలసినది ఆ సలీఖాయే అని మా అభిప్రాయము.

సున్నిపెంట విద్యార్థులకు ఈ మాట విశేషముగా చెప్పదగినది. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టుతోపాటు పెరిగిన ఊరిది. కుడిగట్టు విద్యుత్కేంద్రములో 110 మెగావాట్ల యంత్రములు 7 కలవు. ఆవలి ఒడ్డున, ఎడమగట్టు భూగర్భ కేంద్రములో, 2020 ఆగస్టు 20 రాత్రి జరిగిన అగ్నిప్రమాదమున 9 మంది మరణించిరి. దానికి తీగల చిక్కే కారణమని మేము అనుట లేదు. కాని యంత్రముల నడుమ పనిచేయువారికి ఆపదవేళ ప్రతి క్షణమును విలువైనదేనని ఆ రాత్రి మనకు తెలిపినది. ఏ తీగ ఎక్కడికి పోవుచున్నదో చూడగానే తెలియవలెను.

కంప్యూటరు పరికరములను బిగించు ర్యాక్ అను ఇనుపచట్రము వెడల్పు 19 అంగుళములు. ఇది టెలిఫోను కేంద్రముల కాలమునుండి వచ్చిన కొలత. అందు ఒక్కొక్క అర ఎత్తు 44.45 మిల్లీమీటర్లు. కొలత స్థిరముగా నున్నందున, దానికి తగిన దువ్వెనవంటి పలకలను, కొక్కెములను విద్యార్థి స్వయముగా గీసి, త్రీడీ ప్రింటరుపై పొరపొరగా పోసి తయారుచేయవచ్చును. ఈ యంత్రము ఒకప్పుడు పెద్ద కర్మాగారముల సొత్తు. 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమున ఆడ్రియన్ బౌయర్ ప్రారంభించిన రెప్‌రాప్ ప్రయత్నము, తన విడిభాగములలో పెక్కింటిని తానే చేసికొను యంత్రమును రూపొందించి, ఆ నమూనాలను అందరికీ ఉచితముగా పంచినది.

బజారులో దొరకు వస్తువును మనము చేయనేల అని కొందరందురు. కాంతితంతువును ఇరుకు మూలలో వంచినచో వెలుగు బయటికి జారి సంకేతము క్షీణించునని, తీగలు గుట్టపడినచో గాలి ఆడక పరికరము వేడెక్కునని పుస్తకములో చదువుట వేరు. ఆ వంపునకు తగిన గుండ్రని కొక్కెమును కొలిచి, గీసి, సరిపడనిచో మరల గీయుట వేరు. కొన్న వస్తువు ఈ రెండవ విద్యను నేర్పజాలదు.

అయితే హద్దు మరువరాదు. సాధారణముగా వాడు పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల వేడికే మెత్తబడును. నిప్పు తగిలినచో మండును. కనుక మన చేతిపని సమాచారపు తీగల వరకే. విద్యుత్తు పలకల జోలికి, వేడిగాలి వెలువడు చోటికి పోరాదు. అక్కడ ప్రమాణములకు లోబడిన లోహపు ట్రేలనే వాడవలెను.

కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము ఒక్కటే. ఒక చిన్న ప్రింటరును సమకూర్చి, ప్రయోగశాలలోని ఒక ర్యాక్‌ను అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులకు అప్పగించవలెను. విద్యార్థులకు మా మాట: ప్రతి తీగకు రెండు కొసలయందును పేరు వ్రాయుడు. మీరు చదువు ముగించి వెళ్ళిన పిమ్మట, ఏ రాత్రివేళనో దీపము చేతబట్టి ఆ తలుపు తెరచువాడు మిమ్ములను ఎరుగడు. వానికి మీరు చేయగల మర్యాద అదియే.