సిరిసిల్లకు దారి సంసద్ మార్గ్ మీదుగా

మొన్నొక పుస్తకావిష్కరణ అయ్యాక బయట చాయ్ తాగుతుంటే ఒక మిత్రుడన్నాడు: "విదేశీ విరాళాల మీద ఆ మాత్రం పట్టు లేకపోతే డాలర్లన్నీ నక్సలైట్లకో టెర్రరిస్టులకో పోతయ్. నువ్వు కోరుట్లోనివే కదా, నీకు తెల్వదా?"

తెలుసు. కోరుట్లోణ్ణి కాబట్టే ఆ మాట మింగుడుపడలేదు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. నెలన్నర తిరక్కుండానే, అక్టోబర్ 20న, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటికి నేను పుట్టలేదు, పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే. వెట్టి, పాలేర్ల జీతాలు, దొరల చేతుల్లో బంజర్లు. వాళ్ళ కథల్లో ఇవే ఉంటాయి, డాలర్ ఎక్కడా తగలదు. తర్వాత దళాలు వచ్చాయి, తుపాకులు వచ్చాయి, వాటికి డబ్బు కావాల్సొచ్చింది. అది తునికాకు కాంట్రాక్టర్ల దగ్గర, రోడ్ల కాంట్రాక్టర్ల దగ్గర వసూలైందని పోలీసులే ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. తునికాకు అంటే మా అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని కత్తిరించిన ఆకే. అన్నలకు కట్టింది కాంట్రాక్టర్ తన జేబులోంచే పెట్టుకున్నాడని, వెయ్యి బీడీల కూలి ఎంతో తెలిసినవాళ్ళెవరూ నమ్మరు.

మా వైపు విదేశీ డబ్బంటే ఒక్కటే, గల్ఫ్ డబ్బు. మస్కట్ నుంచి నాన్న పంపిన డ్రాఫ్టు వచ్చిన రోజు మా ఇంట్లో పండగ. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల లేచిన స్లాబుల్లో చాలావాటి వెనక ఇలాంటి డ్రాఫ్టులే ఉన్నాయి. బంధువులు పంపే డబ్బుకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి అక్కర్లేదు. ఏడాదికి లక్ష దాటితే ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధనను కూడా 2022 జులైలో పది లక్షలకు పెంచారు. మంచి పనే. ఎడారిలో ఎండినవాడి సంపాదనను అనుమానంతో చూడకూడదు. కానీ ఆ పాటి నమ్మకం ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ మీద ఎందుకు లేదు?

ఈ చట్టం పుట్టింది 1976లో, ఎమర్జెన్సీ నడుమ. 2010లో తిరగరాశారు. అసలు దెబ్బ మాత్రం 2020 సెప్టెంబర్ సవరణ. దేశంలో ఏ మూలనున్న సంస్థకైనా విదేశీ విరాళం ముందు ఢిల్లీలో, సంసద్ మార్గ్ స్టేట్ బ్యాంకులోనే దిగాలి. ఆఫీసు ఖర్చులకు సగం దాకా వాడుకోవచ్చన్నది ఐదో వంతుకు కుదించారు. అన్నిటికంటే పెద్ద కోత, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆ రెండో సంస్థకు కూడా ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే.

సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య రెండు గదుల్లో ఒక చిన్న సంస్థ ఉండేది. ఆత్మహత్య చేసుకున్న కార్మికుల ఇళ్ళకు వెళ్ళి, ఆ ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడటం, పింఛన్ కాగితాలు రాసిపెట్టడం, పిల్లల ఫీజులు కట్టడం దాని పని. హైదరాబాద్‌లోని ఒక పెద్ద సంస్థ తనకొచ్చిన నిధుల్లో కొంత దీనికి ఇచ్చేది. ఇచ్చినవాళ్ళు ఒకసారి, తీసుకున్నవాళ్ళు ఒకసారి, ప్రతి రూపాయికీ రెండు లెక్కలు ప్రభుత్వానికి అందేవి. తీవ్రవాది చేతికి పోకుండా కాపలా కాయడానికి ఇంతకంటే సులువైన డబ్బు ఉంటుందా? 2020 తర్వాత అదే ఆగింది. నేరుగా విదేశీ దాతలను అడగమన్నారు. జర్మనీకి ఇంగ్లీషులో నలభై పేజీల ప్రతిపాదన రాయగలిగినవాళ్ళు సిరిసిల్ల గల్లీలో ఎందుకు కూర్చుంటారండీ?

ఇక ఈ చట్టం చేసినవాళ్ళ సంగతి. వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ 1976 చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. వాళ్ళేం చేశారు? 2016 ఫైనాన్స్ చట్టంలో 'విదేశీ' అన్న మాటకు అర్థాన్నే 2010 నుంచి వర్తించేలా మార్చారు. అది చాలకపోతే 2018లో మళ్ళీ మార్చి, ఏకంగా 1976 ఆగస్టు దాకా వెనక్కి జరిపారు. పార్టీలకు నలభై రెండేళ్ళ వెనకటి మాఫీ. సిరిసిల్ల సంస్థకు ఒక ఏడాది గడువు కూడా లేదు. దేశభద్రత అని గొంతు చించుకునే మిత్రుల్లో ఈ ముచ్చట ఎత్తినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సేవ పేరుతో చందాలెత్తి తుపాకులకు పంపినవాళ్ళు లేరని నేననను. ఎల్టీటీఈకి ముసుగుగా పనిచేస్తోందంటూ తమిళ పునరావాస సంస్థ ఆస్తులను 2007లో అమెరికా స్తంభింపజేసింది. మా జగిత్యాలలోనే 2022 సెప్టెంబర్‌లో, పాపులర్ ఫ్రంట్ కేసులో ఎన్ఐఏ సోదాలు చేసింది. ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ అక్కడ వాడింది ఉపా. ఉగ్రవాదానికి నిధులివ్వడం నేరమని చెప్పే 17వ సెక్షన్ ఉన్నది ఆ చట్టంలోనే. అది ఎట్లా దుర్వినియోగమైందో వేరే వ్యాసం. హవాలాలో వచ్చే డబ్బు సంసద్ మార్గ్‌లో క్యూ కట్టదని మాత్రం ఇక్కడ చెప్పాలి.

ప్రపంచ స్థాయిలో ఈ నియమాలు రాసే ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ కూడా 2016లో తన ఎనిమిదో సిఫార్సును మార్చుకుంది. స్వచ్ఛంద సంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు, ప్రమాదం ఉన్నచోట చూడండి, మిగతావాళ్ళ పని చెడగొట్టొద్దు అంది. 2024 నివేదికలో సరిగ్గా ఈ సిఫార్సు మీదే మన దేశానికి వేసిన మార్కు 'పాక్షికం'. మనవాళ్ళు పండగ చేసుకున్నది మిగతా మార్కులకు.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సవరణలు చెల్లుతాయంది. చెల్లుతాయి సరే, ఎవరిని ఆపాయి? "అయితే ఏం జేయమంటవ్?" అన్నాడు మిత్రుడు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలు ఒకదానికొకటి ఇచ్చుకునే హక్కు తిరిగి ఇవ్వండి. అనుమానం ఉంటే ఆ ఖాతాను తవ్వండి, కేసు పెట్టండి, కోర్టులో రుజువు చేయండి. లైసెన్సు రెన్యూ చేయకుండా కారణం చెప్పకుండా చంపొద్దు.

సిరిసిల్లలో ఆ రెండు గదులను ఇప్పుడు ఇంకెవరో అద్దెకు తీసుకున్నారు. సంస్థ నడిపినామె ఇంట్లో బీరువా పైన రిజిస్టర్లు కట్టలు కట్టి ఉన్నాయి. ఇంకా ఎందుకక్కా ఇవి, పాత పేపర్లోనికి వేసెయ్యరాదు అంటే, "తనిఖీకి ఎవరన్నా వస్తే చూపియ్యాలె కదా తమ్మీ" అంది.