బుడగల చప్పుడు

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పనికిరాదనుకున్న వస్తువును చాలామంది వెంటనే చెత్తలో వేయరు. వీధి అంచున పెట్టి, అట్టముక్క మీద ‘ఫ్రీ’ అని రాసి వదిలేస్తారు. కావలసినవాళ్లు పట్టుకుపోతారు. మా అమ్మాయి దగ్గర ఉన్న నాలుగు నెలలూ పొద్దున నడకకు వెళ్లినప్పుడు ఆ అట్టముక్కలు చూసుకుంటూ పోవడం నాకు అలవాటైంది. కుర్చీలు, పుస్తకాలు, పిల్లల సైకిళ్లు. ఒకరోజు పక్కింటి ముందు రెండు పెద్ద గాజు సీసాలు కనిపించాయి. సన్నటి మెడ, గుండ్రటి భుజాలు, ఒక్కొక్కటీ మన మంచినీళ్ల బిందె కన్నా పెద్దది. లోపల ఇంకా ఆరని నీటిచుక్కలు ఎండకు మెరుస్తున్నాయి. వదిలించుకునే వస్తువును అంత శుభ్రంగా కడిగి పెట్టిన మనిషెవరో చూడాలనిపించింది.

ఆ ఇంటాయన రిటైరైన సైన్స్ మాస్టారు. డెబ్బై దాటాయి. ముప్ఫై ఏళ్లుగా తన గ్యారేజీలో బీరు తయారు చేసుకుంటున్నారు. ఆ సీసాలను కార్బాయ్‌లంటారట. ఇప్పుడు ప్లాస్టిక్‌కు మారిపోయారట. ఎందుకని అడిగితే కుడి అరచేయి చాపి చూపించారు. బొటనవేలి మొదట్నుంచి మణికట్టు దాకా తెల్లటి గీత ఉంది. ‘‘మూడో సీసాది’’ అన్నారు. వీధిలో ఉన్నవి రెండే ఎందుకో అప్పుడు అర్థమైంది.

నేను బీరు తాగను. అయినా ఊరబెట్టడం, పులియబెట్టడం నిత్యం జరిగే ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక ఆయన గ్యారేజీ నాకు కొత్త చోటు అనిపించలేదు. తరచూ వెళ్లేవాణ్ణి. ఆయన పని చేసుకుంటూ చెప్పేవారు, నేను స్టూలు మీద కూర్చుని వినేవాణ్ణి.

ఇంటి బీరుకు అమెరికాలో చట్టం ఆలస్యంగా దారి ఇచ్చింది. 1933లో మద్యనిషేధం ఎత్తివేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి వీలు కలిగింది కానీ బీరుకు కలగలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశాక, 1979 ఫిబ్రవరి నుంచి ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు, పన్ను లేకుండా సొంతానికి చేసుకోవచ్చన్నారు. రాష్ట్రాలన్నీ ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. చివరికి కలిసినవి మిసిసిపీ, అలబామా. బ్రిటన్ 1963లోనే ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ చట్టం దీన్ని ఒప్పుకోదు కాబట్టి ఇది ఇక్కడ చేసి చూడమని చెప్పే మాట కాదు. నా మనసు పాత్ర మీద ఉంది.

కార్బాయ్ అనే మాట ఫార్సీ ‘కరాబా’ నుంచి వచ్చింది. పెద్ద సీసా అని అర్థం. మన ఊళ్లలో యాసిడ్ అమ్మే కొట్లలో కూడా ఈ మాట వినిపిస్తుంది, అయితే అక్కడ కార్బాయ్ అంటే ప్లాస్టిక్ డబ్బానే. అమెరికాలో ఒకప్పుడు తాగే నీళ్లు ఇళ్లకు ఐదు గ్యాలన్ల గాజు సీసాల్లో వచ్చేవి. బీరు చేసుకునేవాళ్లు ఆ ఖాళీ సీసాలనే తెచ్చుకున్నారు. అంటే అది బీరు కోసం పుట్టిన పాత్ర కాదు. చేతికి దొరికింది, అలవాటైంది, ఆ తరువాత సంప్రదాయమైంది.

పని మొదలయ్యేది పొయ్యి మీద. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలగ్గొట్టి వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. దాన్ని చేదునిచ్చే హాప్స్ పూలు వేసి గంటసేపు మరిగిస్తారు. చల్లార్చి, పాత్రలో పోసి, ఈస్ట్ చల్లి, మూతికి ఎయిర్‌లాక్ బిగిస్తారు. ఎయిర్‌లాక్ అంటే లోపలి వాయువును బయటికి వదులుతూ బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న నీళ్ల గొట్టం. ఇక రెండు వారాలు ఈస్ట్ పని.

ఆ రెండు వారాల్లో పాత్రను కదిలించకుండా ఉండలేరు. ఐదు గ్యాలన్ల రసం 19 లీటర్లు. చక్కెర కలిసిన రసం కాబట్టి 20 కిలోల దాకా తూగుతుంది. గాజు సీసా ఆరేడు కిలోలు. మొత్తం 26 కిలోల బరువును, నున్నటి తడి గాజును, తడి చేతులతో, సిమెంటు నేల మీద మోయాలి. పట్టుకోవడానికి చెవులుండవు. మెడకు బిగించే పిడి ఒకటి అమ్ముతారు కానీ నిండు సీసాను దానితో ఎత్తితే మెడ ఊడివచ్చే ప్రమాదం ఉంది. కొందరు సీసాను పాల డబ్బాలు సర్దే ప్లాస్టిక్ క్రేటులో నిలబెట్టి క్రేటును మోస్తారు. కొందరు పట్టీలు చుడతారు. మాస్టారు రెండూ చేశారు. ఆయన చేయి తెగింది నిండు సీసాతో కాదు, ఖాళీ సీసాతో. కడుగుతుంటే సింకు అంచుకు తగిలింది. గాజు పగిలినప్పుడు చేయి వెనక్కి లాగేంత వ్యవధి ఇవ్వదు. నరం కుట్టారు. బొటనవేలికి స్పర్శ పూర్తిగా రాలేదు. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన గొంతులో సీసా మీద కోపం లేదు. ఇన్నేళ్లూ దాన్ని వదలలేకపోయినందుకు మాత్రం కొంచెం విచారం ఉంది.

ప్లాస్టిక్‌లో రెండు రకాలు. ఒకటి నీళ్ల సీసాలకు వాడే పెట్‌తో చేసిన కార్బాయ్. రూపం గాజుదే, బరువు కిలో కూడా ఉండదు. రెండోది హెచ్‌డీపీఈతో చేసిన తెల్ల బకెట్, బిగుతైన మూత, మూతలో ఎయిర్‌లాక్‌కు చిల్లు. మాస్టారు బకెట్‌ను ఎంచుకున్నారు. పెట్ సీసాను రెండు చేతులా నొక్కి ఎత్తితే దాని గోడలు లోపలికి వంగి, దించగానే తిరిగి విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడంలో ఎయిర్‌లాక్ నీళ్లను బీరులోకి పీల్చుకుంటుంది. బకెట్‌లో అయితే చేయి మోచేతి దాకా దూరుతుంది. గాజు సీసా భుజాల దగ్గర ఎండిపోయే నురగ చారను వంపు బ్రష్షుతో గోకడానికి పడ్డ అవస్థ ఇక లేదు.

గాజును వదలనివాళ్లు చెప్పే అభ్యంతరాలు ఊరికే చెప్పేవి కావు. ప్లాస్టిక్ గోడలోంచి ప్రాణవాయువు కొద్దికొద్దిగా దూరుతుంది. పెట్‌లో తక్కువ, హెచ్‌డీపీఈలో ఎక్కువ. ఈస్ట్ చురుగ్గా ఉన్నప్పుడు వచ్చిన కాస్తా అదే తినేస్తుంది కనుక రెండు మూడు వారాల బీరుకు బెంగ లేదు. ఏడాదిపాటు ఉంచే పుల్ల బీరుకో, తేనెతో చేసే మీడ్‌కో మాత్రం ఈనాటికీ గాజో స్టీలో మేలు. గాజుకూ ఓ బలహీనత ఉంది. వెలుతురును ఆపలేదు. హాప్స్ చేదును ఇచ్చే పదార్థం మీద వెలుతురు పడితే బీరుకు దుర్గంధం పడుతుంది. బీరు సీసాలు ముదురు గోధుమరంగులో ఉండేది అందుకే. కార్బాయ్ ఉన్న ఇళ్లలో దానికి పాత చొక్కా తొడిగేవారు. చూడటానికి గాజు, చూడకుండా చొక్కా!

అసలు సమస్య గీతలు. ప్లాస్టిక్ మెత్తన. గరుకు పీచుతో ఒక్కసారి రుద్దితే కంటికి కనబడని గాళ్లు పడతాయి. వాటిల్లో లాక్టోబాసిల్లస్ లాంటి సూక్ష్మజీవులు చేరితే ఎంత కడిగినా వదలవు, తరువాతి బీరు పులుపెక్కుతుంది. అందుకని మాస్టారు బకెట్‌ను గోకరు. శుభ్రపరిచే మందు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడుస్తారు. ఆ బకెట్‌లోకి చెంచా కూడా దించరు. ఏడాది రెండేళ్లకు మార్చేస్తారు. గాజు ఉన్నన్నాళ్లూ ఆయన జాగ్రత్తంతా మోయడంలో ఉండేది. ఇప్పుడది కడగడంలోకి వచ్చింది. నా దృష్టిలో ఈ మార్పులో ముఖ్యమైనది ఇదే. ప్లాస్టిక్ అంటే అజాగ్రత్త అని మనకో అభిప్రాయం ఉంది. ఆ మనిషి బకెట్‌ను తుడిచే తీరు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. పసిపిల్ల వీపు తుడిచినట్టు తుడుస్తారు.

గీతలంటే ఈనాటి వాళ్లకు భయం కానీ, ఒకప్పుడు పాత్రలో దాగిన ఆ ప్రాణమే పెట్టుబడి. ఇరాన్‌లోని గోదిన్ తేపేలో దొరికిన మట్టికూజా ఒకటి ఉంది. వయసు 5,000 ఏళ్లకు పైనే. దాని లోపలివైపు కావాలనే అడ్డదిడ్డంగా గాళ్లు గీశారు. ఆ గాళ్లలో బీరు వదిలే కాల్షియం మడ్డిని శాస్త్రవేత్తలు గుర్తించి 1992లో ప్రకటించారు. పశ్చిమ నార్వే పల్లెల్లో చెక్కతో అల్లిన వలయాలను ఈస్ట్‌లో ముంచి ఆరబెట్టి, మళ్లీ బీరు పెట్టేదాకా దాచుకునేవారు. మన గీత కార్మికులకు ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. కల్లు లొట్టి గోడల్లో నిన్నటి ఈస్ట్ ఉంటుంది. చెట్టు మీద చుక్క పడుతుండగానే పులుపు మొదలవుతుంది. పులవని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. మాస్టారికి ఈ సున్నం సంగతి చెబితే చేతిలో గుడ్డ పక్కన పెట్టి, నోట్‌బుక్ తెచ్చి రాసుకున్నారు. చుక్క ఎంతసేపటికి పులుస్తుందో, లొట్టిని ఎండబెడతారో కడుగుతారో ఒకటొకటిగా అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను.

మరి గాజు ఇచ్చిందేమిటి? చూపు. 1516 నాటి బవేరియా శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ ఉండకూడదంది. ఈస్ట్ పేరే లేదు, అది ఒక ప్రాణి అని అప్పటికి ఎవరికీ తెలియదు. ప్రష్యాతో యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిన తరువాత, జర్మన్ల బీరును మించిన బీరు తన దేశంలో తయారు కావాలన్న పట్టుదలతో లూయీ పాశ్చర్ ఆ పని మీద కూర్చున్నాడు. బీరు ఎందుకు చెడుతుందో వివరిస్తూ ఆయన రాసిన గ్రంథం 1876లో వచ్చింది. ఆయన పనంతా గాజు బుడ్డీల్లో సాగింది. పాత్రలోపల జరిగేది దేవుడి దయ కాదనీ, ప్రాణుల పని అనీ మనిషి నమ్మడంలో గాజుకు పెద్ద పాలుంది.

ఆ చూపునే మాస్టారు గాజు ఉన్నన్నాళ్లూ అనుభవించారు. ఈస్ట్ వేసిన మర్నాడు సీసాలో నురగ గోధుమరంగు మబ్బులా లేస్తుంది. కింది మడ్డి పైకి, పైది కిందికి, కుండలో పప్పు ఉడికినట్టు సుళ్లు తిరుగుతుంది. మూడోనాటికి నెమ్మదిస్తుంది. వారానికి పైనుంచి తేట తేరుతుంది. ఆ చొక్కా కాస్త పైకెత్తి, టార్చి వేసి, పిల్లలకు చూపించేవారట. ఆ పిల్లలు ఇప్పుడు వేరే ఊళ్లలో ఉన్నారు. బకెట్ తెల్లగా, మూగగా ఉంటుంది. ‘‘నాకు లోటనిపించేది అదొక్కటే’’ అన్నారు. బీరు రుచిలో తేడా తెలిసిందా అన్నాను. తెలియలేదన్నారు.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆవకాయ జాడీలు మూడుండేవి. పైన గోధుమరంగు, కింద తెలుపు. పెద్దదాన్ని నిండుగా ఉన్నప్పుడు ఒక్కరు ఎత్తలేరు. అమ్మ దానికి వాసెన కట్టి, మూడోనాడు విప్పి, ముందు వాసన చూసేది. ఆ తరువాతే గరిటె. పింగాణీలోంచి ఏమీ కనపడదు. ఊట దిగిందో లేదో ముక్కుకు తెలిసేది. నడుము నొప్పి మొదలయ్యాక ఒక ఏడు నాన్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చారు. బంధువులు ముఖం చిట్లించారు. నేనూ చిట్లించాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. డబ్బా కారం రంగు పీల్చుకుంది, ఆ వాసన వదల్లేదు. అమ్మ దాన్ని ఆవకాయకు తప్ప దేనికీ వాడకుండా కేటాయించింది. వాసెన మాత్రం మానలేదు. మూతుండగా గుడ్డెందుకని ఎవరూ అడగలేదు.

పాత్రలోకి తొంగిచూసే అవకాశం మనిషికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకు ముందున్న మట్టి, చెక్క, పింగాణీ అన్నీ మూసుకున్న గోడలే. వాటితో పనిచేసినవాళ్లు ముక్కునూ చెవినీ నమ్ముకున్నారు. ఈ మాటే మాస్టారితో అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, రాత్రి తొమ్మిదికి రమ్మన్నారు.

వెళ్లేసరికి గ్యారేజీలో దీపం తీసేసి ఉంది. వీధి అలికిడి లేదు. ముందురోజు ఈస్ట్ వేసిన బకెట్ గోడవారగా పీట మీద ఉంది. పక్కన రెండు స్టూళ్లు. కూర్చోమని సైగ చేశారు. కాసేపటికి ఎయిర్‌లాక్‌లో ఒక బుడగ పగిలింది. నాలుగైదు క్షణాలకు ఇంకొకటి. ఆయన తెగిన చేతిని బకెట్ మూత మీద ఆనించి, వేళ్లతో లెక్కపెడుతున్నారు. నన్ను దగ్గరికి రమ్మన్నారు. వంగి, చల్లటి ప్లాస్టిక్‌కు చెవి ఆనించాను. లోపల సన్నటి చిటపట, వాన పడబోయే ముందు తాటాకుల మీద తొలి చినుకుల్లా.