హెచ్‌డీకి డబ్బు కట్టాం, హెచ్‌డీ బొమ్మే చూపించాలి

శంషాబాద్, రాళ్లగూడ, సాతంరాయి, గగన్‌పహాడ్, తొండుపల్లి, మామిడిపల్లి వాసులకు విజ్ఞప్తి



వాయిదాల మీద పెద్ద టీవీ కొన్నాం. నెలనెలా హెచ్‌డీ ప్యాక్ రీఛార్జ్ చేయిస్తున్నాం. కనపడేదేమిటి? బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే తంగేడు, గునుగు కలిసిపోయి మరకలవుతున్నాయి. ఉప్పల్ మ్యాచ్‌లో బంతి బౌండరీకి పరుగెడితే పచ్చిక గళ్లుగళ్లుగా చీలిపోతోంది. అదే తెర మీద స్కోరు అంకెలు మాత్రం తేటగా ఉంటాయి. జబ్బెక్కడుందో ఆ అంకెలే చెబుతున్నాయి. కదలని అక్షరాలకు కొద్దిపాటి డేటా చాలు, కదిలే బొమ్మకు చాలా కావాలి. ఆ డేటాకే కోత పడుతోంది.

ఫిర్యాదు చేస్తే ‘ఎయిర్‌పోర్ట్ పక్కనుంటే ఇంతే సార్’ అంటున్నారు. ఆ మాట ఒప్పుకోకండి. ఇంటిమీద దూరదర్శన్ యాంటెన్నాలున్న కాలంలో విమానం పోతే బొమ్మ ఊగేది, నిజమే. డీటీహెచ్ సిగ్నల్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తునుండే ఉపగ్రహం నుంచి 10 గిగాహెర్ట్జ్‌కు పైబడిన తరంగాల మీద నేరుగా డిష్‌కు వస్తుంది. విమానం ఆ దారికి అడ్డుపడ్డా రెప్పపాటే. 5జీ మాట ఎత్తినా ఒప్పుకోకండి. 2022 నవంబరులో రన్‌వేల దగ్గర 5జీ టవర్లకు పెట్టిన ఆంక్షలు 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ తరంగాలకు సంబంధించినవి. విమానాల ఎత్తు కొలిచే పరికరాల కోసం పెట్టినవి. మన డిష్‌తో వాటికి పనిలేదు.

జోరువానలో బొమ్మ ఆగిపోవడం వేరే సంగతి. డిష్‌కు వచ్చే తరంగాలను వాన మింగేస్తుంది, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. మబ్బులేని రోజున బాక్స్ మెనూలో సిగ్నల్ క్వాలిటీ చూడండి. గీత నిండుగా ఉండి కూడా బొమ్మ గళ్లుపడుతుంటే లోపం మీ డిష్‌ది కాదు. అంతకుముందు టీవీ వెనక్కి ఒకసారి తొంగిచూడండి. హెచ్‌డీ బాక్స్‌కు పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు తగిలించిపోయిన ఇళ్లున్నాయి. ఆ వైర్లలో హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టించుకోండి.

అసలు కారణం పంపేచోట ఉంది. మామూలు బొమ్మలో 720×576 చుక్కలుంటే హెచ్‌డీలో 1920×1080, సరిగ్గా ఐదు రెట్లు. ఉపగ్రహంలో సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే ఒక్కో ట్రాన్స్‌పాండర్ సెకనుకు మోయగలిగే డేటాకు హద్దుంది. అందులో ఎన్ని ఛానళ్లు కుక్కితే ఒక్కోదాని వాటా అంత తగ్గుతుంది. కొన్నిసార్లు పాత సినిమాల మామూలు ప్రింటునే సాగదీసి హెచ్‌డీ పేరుతో వేస్తున్నారు. ఛానల్ పేరు పక్కన రెండక్షరాలు తగిలిస్తే చుక్కలు పుట్టుకురావు.

2019 ఫిబ్రవరిలో అమలైన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో నెట్‌వర్క్ ఫీజు లెక్కకు ఒక హెచ్‌డీ ఛానల్‌ను రెండు మామూలు ఛానళ్లుగా కట్టారు. ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఎక్కువ రుసుము అన్నారు, కట్టాం. మరి ఆ చోటు ఇస్తున్నారా లేదా అని అడిగే హక్కు మనకుంది. 2009 ఆగస్టులో బ్రిటన్‌లో బీబీసీ తన హెచ్‌డీ ఛానల్‌కు ఇచ్చే డేటాను సెకనుకు 16 మెగాబిట్ల నుంచి 9.7కు తగ్గించింది. అక్కడి ప్రేక్షకులు ఊరుకోలేదు, సంస్థ జనానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అక్కడ అంకె జనానికి తెలుసు కాబట్టే నిలదీయగలిగారు.

మనకూ ఆ అంకె కావాలి. ప్రతి హెచ్‌డీ ఛానల్‌కు సగటున ఎంత డేటా ఇస్తున్నారో ఆపరేటర్లు ప్రకటించాలి. ఇంతకు తగ్గకూడదని ట్రాయ్ కనీస హద్దు పెట్టాలి. ఆ హద్దు తప్పిన ఛానల్‌కు మామూలు ధరే తీసుకోవాలి. సాగదీసిన బొమ్మను హెచ్‌డీ అని అమ్మడం ఆపించాలి.

ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు. కానీ చర్చాపత్రాలు వేసినప్పుడు ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చు. అందుకే విడివిడిగా విసుక్కోవడం మాని, కలిసి రాద్దాం. బొమ్మ చెడినప్పుడు ఫోన్‌తో తెరను, వెంటనే సిగ్నల్ క్వాలిటీ గీతను వీడియో తీయండి. తేదీ, సమయం, ఛానల్ పేరు రాసిపెట్టండి. కస్టమర్ కేర్‌కు చెప్పి ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. అక్కడ పని జరగకపోతే నోడల్ అధికారికి రాయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబర్లన్నీ మీ కాలనీ సంఘానికి అందజేయండి. అన్ని కాలనీల ఫిర్యాదులూ జతచేసి ట్రాయ్‌కి పంపే ఉమ్మడి అర్జీ మీద మీ సంతకం పెట్టండి.

– శంషాబాద్ పరిసరాల టీవీ ప్రేక్షకులు