మారు వడ్డనను లెక్కపెట్టని కంచం

అరలు విడదీసిన ప్లేటు, గీతలు గీసిన కంచం, లోపల కొలత గుర్తులున్న గిన్నె. ఎంత తినాలో చూడగానే తెలిసేలా చేసిన ఇలాంటి పాత్రలను ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నామని మా బంధువుల అమ్మాయి, ఆమె భర్త ఈమధ్య నా దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, కొంత పొదుపుంది. ఆ డబ్బుతో డై (అచ్చు) కొట్టించి వెయ్యి ప్లేట్లు చేయిద్దామన్న ఉత్సాహంలో ఉన్నారు. ఆలోచన మంచిదే, నాకు నచ్చింది. కానీ డబ్బు పెట్టేముందు దాన్ని పరీక్షించాలి. ఆ పరీక్ష ప్రకటనతో మొదలవుతుందని వాళ్లనుకుంటున్నారు. అన్నం గిన్నెతో మొదలవ్వాలన్నది నా మాట.

అవసరం ఉందా అన్నది ప్రశ్నే కాదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలంది. అది వండకముందు బరువు, మూడు పూటలకూ కలిపి. పొద్దున ఇడ్లీలో వేసిన రవ్వ, సాయంత్రం చేసుకున్న ఉప్మా కూడా అందులోకే వస్తాయి. కూరగాయలు మాత్రం 400 గ్రాములు తినమంది. మన భోజనాల్లో ఈ రెండూ తారుమారుగా ఉంటాయని వేరే చెప్పాలా? అన్నం రాశిగా ఉంటుంది, కూర నంజుకోవడానికి మాత్రమే ఉంటుంది.

డాక్టరు అన్నం తగ్గించమంటాడు. డైట్ కాగితం మీద ‘ఒక కప్పు అన్నం’ అని ఉంటుంది. ఏ కప్పు? టీ తాగేదా, పెరుగు తోడేసేదా? అన్నం పొడిపొడిగా వదులుగా పోయాలా, అదిమి నింపాలా? ఈ ప్రశ్నలకు జవాబు దొరక్క ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే ఉండిపోయిన ఇళ్లు నేను చూశాను. నిజాయితీగా తగ్గించాలనుకున్నవాళ్లు కూడా కొలత తెలియక ఓడిపోతున్నారు. అందుకే ఈ వస్తువు రావాలని మనసారా కోరుకుంటున్నాను. అందుకే అది తప్పుగా తయారైతే బాధపడతాను కూడా.

వాళ్లు నాకు చూపించిన నమూనా బొమ్మ అమెరికా ప్లేటుకు నకలు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే పద్ధతి తేలిక. తొమ్మిదంగుళాల ప్లేటు తీసుకుని, సగం పిండి తక్కువున్న కూరగాయలు, పావు మాంసకృత్తులు, పావు అన్నమో రొట్టో పెట్టుకోవాలి. ఒక్కసారి నింపుకుని, తిని, లేచిపోయేవాళ్లకు అది చక్కగా పనిచేస్తుంది.

మనం ఒక్కసారి నింపుకుని తినేవాళ్లం కాదు. ముందు పప్పులోకి కాస్త అన్నం, నెయ్యి. తర్వాత కూరలోకి. ఆ తర్వాత పులుసులోకో చారులోకో. ఆఖరున పెరుగులోకి. ప్రతి వరసకూ హస్తం అన్నం గిన్నెలోకి వెళ్లివస్తుంది. ప్లేటులో పావు భాగాన్ని అన్నానికి కేటాయించి, ఆ పావును నాలుగుసార్లు నింపితే ఆ గీత ఎవరిని ఆపినట్టు? పైగా చాలా ఇళ్లలో తినేవాళ్లొకరు, వడ్డించేవాళ్లింకొకరు. మాటల్లో ఉండగా కంచంలో ఎన్నిసార్లు పడిందో తినేవాళ్లకు తెలియదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టినా, ‘ఇంతేనా, ఒక్క ముద్ద’ అంటూ వేసే ప్రేమ మనది. ఆ ప్రేమను తప్పుపట్టను. దాన్ని లెక్కలోకి తీసుకోని వస్తువు మన వంటింట్లో నిలవదని మాత్రం చెబుతాను.

ఇంకో చిక్కుంది. మనం కలుపుకుని తింటాం. చారన్నం కలపడానికి చోటు కావాలి, పావు అరలో వేళ్లు తిరగవు. రెండు రోజులు అవస్థపడి, మూడోరోజు అన్నాన్ని పెద్ద అరలోకి మార్చేస్తారు. బజారులో ఇప్పటికే దొరికే అరల స్టీలు ప్లేట్లను చూడండి, హాస్టళ్లలో, ఫంక్షన్లలో వాడేవి. వాటిలో పెద్ద అర అన్నానికే. చేసినవాళ్లకు మన అలవాటు తెలుసు.

అయితే కొలత మనకు కొత్త కాదు. మన పాత వంటిళ్లలో అది కంచం దగ్గర కాకుండా బియ్యం డబ్బా దగ్గర ఉండేది. మనిషికింత అని గిద్దెతో, సోలతో కొలిచి ఎసట్లో పోసేవారు. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. ఎవరికీ తక్కువ కాకూడదు, ఎక్కువై మిగలకూడదు అన్నది ఆ లెక్క. ఇప్పుడు ఆ పని రైస్ కుక్కర్‌తో వచ్చే 180 మిల్లీలీటర్ల కప్పు చేస్తోంది. కొలిచి వండటం మనకు చేతనవును. వండినదాన్ని మనిషిమనిషికీ కొలిచి పెట్టడం మాత్రం అలవాటు లేదు.

కాబట్టి నేను వాళ్లతో అన్నది ఇది. ప్లేటు జోలికి పోకండి, ఒక గిన్నె చేయండి. ఆ పూటకు ఆ మనిషి తినాల్సిన అన్నమంతా అందులో ఒకేసారి, వదులుగా, లోపలున్న గీత వరకు పెట్టి కంచం పక్కన ఉంచాలి. పప్పులోకి అందులోంచే, చారులోకి అందులోంచే, పెరుగులోకి అందులోంచే. వరసలన్నీ ఉంటాయి, కలుపుకునే కంచం పాతదే ఉంటుంది. గిన్నె ఖాళీ అయితే అన్నం అయిపోయినట్టు. పెరుగు వరసకు మిగుల్చుకోవాలన్న లెక్క తినేవాళ్ల చేతిలోనే ఉంటుంది. కూరకు మాత్రం గిన్నె వద్దు, గీతా వద్దు. ఎంత పెద్ద గరిటెతో వేసినా మంచిదే, నూనె అదుపులో ఉంటే.

ఇది పనిచేస్తుందని నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకంతో వ్యాపారం పెట్టకూడదు, వాళ్ల నమ్మకంతోనూ పెట్టకూడదు. ‘చిన్న కంచంలో తింటే తక్కువ తింటాం’ అన్న మాట ప్రపంచమంతా పాకడానికి కార్నెల్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ వాన్సింక్ చేసిన పరిశోధనలు చాలావరకు కారణం. తర్వాత ఆయన పత్రాలు పదికి పైగా వెనక్కి తీసుకోవాల్సివచ్చింది. ఆయన పరిశోధనల్లో అక్రమాలు జరిగాయని 2018లో ఆ విశ్వవిద్యాలయమే తేల్చింది. అలాగని మొత్తం కొట్టిపారేయలేం. 72 అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి కోక్రేన్ సమీక్ష, వడ్డన, ప్యాకెట్, పాత్ర పెద్దవైతే ఎక్కువ తింటారనే తేల్చింది. కెనడాలోని కాల్గరీలో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగం మనకు ఇంకా దగ్గరది. బరువు ఎక్కువగా ఉన్న 130 మంది మధుమేహ రోగుల్లో సగం మందికి కొలత గీతలున్న ప్లేటు, గిన్నె ఇచ్చారు. ఆరు నెలల తర్వాత వాళ్ల బరువు సగటున 1.8 శాతం తగ్గింది, మిగతావాళ్లది 0.1 శాతం. అంటే 80 కిలోల మనిషికి దాదాపు కిలోన్నర. తక్కువే అనిపించవచ్చు. కానీ ప్లేటు వాడినవాళ్లలో మందులు తగ్గించగలిగినవాళ్లు కూడా ఎక్కువే ఉన్నారు. ఒక పాత్ర చేయగలిగిన మేలు ఆ పాటిది. అంతకు మించి ఆశ చూపితే మోసమే.

ఇక పరీక్ష. ‘బాబాయ్, వాట్సాప్‌లో అడిగాం, అందరూ బావుందన్నారు’ అంది అమ్మాయి. బావుందనడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు. సొంతవాళ్లు ఉత్సాహపరచడానికి అంటారు. రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ 2013లో రాసిన ‘ద మామ్ టెస్ట్’ పుస్తకమంతా ఈ విషయం మీదే. కొంటారా అని అడగవద్దు, ఇప్పటిదాకా ఏం చేశారో అడగమంటాడు. అన్నం తగ్గించడానికి కిందటి నెల ఏం ప్రయత్నించారు? దేనికి డబ్బు పెట్టారు? అది ఇప్పుడెక్కడుంది? జొన్నరొట్టెల పెనం అటక మీద ఉందని తెలిస్తే, మన గిన్నె కూడా అక్కడికే చేరవచ్చని అర్థమవుతుంది.

మొదటి పరీక్షకు డై అక్కర్లేదు. బేగంబజార్‌లో తగిన సైజు స్టీలు గిన్నెలు కొని, లోపల గీత కొట్టించి, తెలిసిన కొన్ని ఇళ్లకు ఇవ్వాలి. మొదటి వారం గిన్నె లేకుండా, తర్వాత గిన్నెతో, ఒక్కో మనిషి తిన్న అన్నాన్ని వంటింటి త్రాసు మీద తూచి రాయమనాలి. ఎంత తిన్నారని నోటితో అడిగితే అందరం తగ్గించే చెబుతాం. మూడో వారం చెప్పకుండా వెళ్లి, గిన్నె స్టాండులో తడిగా ఉందో, పైఅరలో దుమ్ముపట్టి ఉందో చూడాలి. ముఖ్యంగా వడ్డించే మనిషితో విడిగా మాట్లాడాలి. ‘మా ఆయనకు కొలిచి పెడుతుంటే పిసినారితనం చేస్తున్నట్టుంది’ అని ఒక్క ఇల్లాలు అన్నా, ఆ మాటను ఏ సర్వే కంటే బరువైనదిగా తీసుకోవాలి. అప్పుడు మార్చాల్సింది వస్తువు రూపాన్ని. ఆసుపత్రి గుర్తులు, ఎర్రగీతలు, కేలరీల అంకెలు ఉండకూడదు. నలుగురు కూర్చున్న చోట పెట్టినా అది పథ్యం గిన్నెలా కనిపించకూడదు.

ఇక్కడ నిలబడితేనే ఆన్‌లైన్ పరీక్ష. దానికీ డై అక్కర్లేదు. నిక్ స్విన్‌మర్న్ 1999లో జప్పోస్ అనే ఆన్‌లైన్ చెప్పుల దుకాణం మొదలుపెట్టేముందు దగ్గర్లోని షాపులో చెప్పుల ఫొటోలు తీసి పెట్టాడు. ఆర్డరొస్తే ఆ షాపులోనే పూర్తి ధరకు కొని పంపాడు. ఒక్కో జతకూ నష్టమొచ్చినా, చూడకుండా, వేసుకోకుండా చెప్పులు కొంటారని రూఢి అయింది. మనవాళ్లూ అలాగే చేయవచ్చు. ఒక పేజీ, నాలుగు ఫొటోలు, అసలు ధర, కొద్దిపాటి ప్రకటన. ఉన్న గిన్నెలనే గీత కొట్టించి పంపాలి. వస్తువే లేకుండా ‘కొనండి’ బటన్ పెట్టి ఎంతమంది నొక్కారో లెక్కపెట్టి, ‘స్టాకు లేదు’ అనడం కొందరు నేర్పే పద్ధతి. అది నాకు నచ్చదు. షుగరుతో విసిగిపోయిన మనిషి ఆశపడి నొక్కాడని మరిచిపోకూడదు. ముందస్తు బుకింగ్ అయితే అలాగే రాసి, ఏ తేదీకి అందుతుందో చెప్పి, అందకపోతే డబ్బు తిరిగివ్వాలి.

ప్రకటన ఎవరికి చూపిస్తున్నామన్నదీ చూసుకోవాలి. డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు కొంటాడు. గుంటూరులో తండ్రి తింటాడు. తల్లి వడ్డిస్తుంది. ప్రకటన కొడుకు మనసును మాత్రమే కొలుస్తుంది. కొడుకులు బాగా కొని, తల్లులు వాడకపోతే ఆ వ్యాపారం మొదటి ఆరు నెలలు లాభంలోనే కనిపించి తర్వాత చతికిలబడుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లను ఆర్డర్లుగా లెక్కవేసుకోవడం ఇంకో పొరపాటు. తలుపు దగ్గర డబ్బు చేతికొచ్చేదాకా అది అమ్మకం కాదు, వెనక్కొస్తే రానుపోను కొరియరు ఖర్చు మనదే.

కొరియరు లెక్క కూడా గిన్నె వైపే ఉంది. కొరియరు వాళ్లు బరువుతోపాటు పెట్టె సైజునూ చూస్తారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించడం మామూలు పద్ధతి. ప్లేటుకు 30, 30, 5 సెంటీమీటర్ల పెట్టె పడితే 900 గ్రాములుగా లెక్కిస్తారు, ప్లేటు అందులో సగం బరువున్నా సరే. గిన్నెకు 14, 14, 8 పెట్టె అయితే 300 గ్రాములకు కాస్త పైన. చిన్న వ్యాపారానికి లాభం ఈ తేడాలోనే ఉంటుంది.

రెండు చట్టాలను ముందే తెలుసుకోమన్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలకు కేంద్రం బీఐఎస్ ప్రమాణం తప్పనిసరి చేసింది. గిన్నెలు ఐఎస్ఐ గుర్తున్న తయారీదారుల దగ్గరే తీసుకోవాలి. ఇక ‘షుగరు తగ్గించే గిన్నె’ అన్న ప్రకటన వేయకూడదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో మధుమేహం పేరుంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఆ మాట నమ్మి ఎవరైనా మాత్ర మానేస్తే? ‘ఒక పూట అన్నం, ఒక గిన్నె’ అంటే చాలు. నిజం అంతే కాబట్టి ప్రకటనా అంతే ఉండాలి.

వెయ్యి ఎప్పుడు చేయించవచ్చని అల్లుడు అడిగాడు. మొదటి గిన్నె ఇంట్లో షుగరున్న మనిషి కోసం కొంటారు. డబ్బు వచ్చినా దాన్ని గెలుపుగా తీసుకోవద్దన్నాను. కొన్నవాళ్లకు రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, మళ్లీ కావాలా అని అడగకుండా, గిన్నె ఎలా ఉందని మాత్రం అడగమన్నాను. వాళ్లంతట వాళ్లే ‘ఇంకోటి పంపండి, మా ఆవిడక్కూడా’ అనో, ‘పిల్లాడు కూడా అదే కావాలంటున్నాడు’ అనో అంటే, అలాంటి ఇళ్లు ఒకటి రెండు కాకుండా వరసగా తగిలితే, అప్పుడు డై కొట్టించమన్నాను.