ఇచ్చినవారిపైనే నిందా?

క్లౌడ్ సర్వర్లను కోడ్ ద్వారా నిర్మించే సాధనం టెర్రాఫామ్. దాన్ని తయారుచేసిన హాషికార్ప్‌ను 640 కోట్ల డాలర్లకు సొంతం చేసుకున్న ఐబీఎం కూడా దాన్ని మళ్లీ ఓపెన్ సోర్స్ చేయలేదు. పోటీ సంస్థల వాడకాన్ని కట్టడి చేస్తూ హాషికార్ప్ 2023 ఆగస్టు 10న తెచ్చిన బిజినెస్ సోర్స్ లైసెన్సే 2025 ఫిబ్రవరిలో కొనుగోలు పూర్తయ్యాకా కొనసాగింది. యజమాని మారినా అన్యాయం మారలేదు.

లైసెన్సు మార్పుకు హాషికార్ప్ నాడు చెప్పిన కారణమే అన్నింటికన్నా అభ్యంతరకరం. కొన్ని సంస్థలు ఓపెన్ సోర్స్ ఫలాలను వాడుకుంటూ తిరిగి చెప్పుకోదగ్గదేమీ ఇవ్వడం లేదని ఆ కంపెనీ ఆరోపించింది. 2021 సెప్టెంబరులో, సిబ్బంది చాలడం లేదంటూ టెర్రాఫామ్ కోర్‌కు బయటివారు పంపే సవరణల పరిశీలనను తాత్కాలికంగా నిలిపివేసింది ఇదే కంపెనీ. తలుపుకు తాళం వేసుకుని, చుట్టాలెవరూ గడప తొక్కడం లేదని నిష్ఠూరమాడితే నమ్మేదెవరు? సిబ్బంది లేరన్న ఆ ఏడాది డిసెంబరులోనే షేరు 80 డాలర్లకు అమ్మి, స్టాక్ మార్కెట్ నుంచి వంద కోట్ల డాలర్లకు పైగా సమీకరించింది.

అసలు టెర్రాఫామ్ ఏ క్లౌడ్‌లోనైనా ఒక్క సర్వర్ నిలబెట్టాలంటే ఆ క్లౌడ్‌కు సంబంధించిన ‘ప్రొవైడర్’ అనే అనుసంధాన ప్రోగ్రామ్ ఉండాలి. వాటిలో గూగుల్, మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ల శ్రమ ఉంది; జీతం ఆశించకుండా లోపాలు సరిచేసిన వేలమంది వాడుకదారుల శ్రమ ఉంది. టెర్రాఫామ్‌ను రాసిన గో భాష గూగుల్ ఉచితంగా ఇచ్చింది. ఇంతమంది ఇచ్చినది పునాదిగా ఎదిగి, తిరిగి ఇవ్వడం లేదని ఇతరులను నిందించడం కృతఘ్నత. కోడ్ ఇచ్చేటప్పుడు ఔత్సాహికులు సంతకం చేసిన ఒప్పందాన్ని అడ్డుపెట్టుకుని వారు రాసిన కోడ్‌కే కొత్త షరతులు పెట్టడం అంతకు మించిన ద్రోహం.

ఆ నింద ఎంత అబద్ధమో ఆ తర్వాతి పరిణామాలే తేల్చాయి. ఏమీ ఇవ్వరని వేలెత్తి చూపిన సంస్థలే కనీసం ఐదేళ్లపాటు ఇంజినీర్ల ఖర్చు భరిస్తామని ముందుకొచ్చాయి. పాత లైసెన్సు కింద ఉన్న కోడ్‌తోనే లైనక్స్ ఫౌండేషన్ నీడన టెర్రాఫామ్‌కు ప్రత్యామ్నాయంగా ఓపెన్‌టోఫు రూపుదిద్దుకుంది. 2024 జనవరిలో దాని తొలి స్థిరమైన వెర్షన్ వచ్చింది. నిర్మించిన వనరుల వివరాలతో పాటు రహస్యాలు కూడా ఉండే స్టేట్ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యం టెర్రాఫామ్‌లో కావాలని వాడుకదారులు ఏళ్ల తరబడి అడిగారు. ఓపెన్‌టోఫు దాన్ని అదే ఏడాది అందించింది.

సొంత అవసరాలకు వాడుకునేవారికి ఇబ్బంది లేదన్నదీ, ప్రతి వెర్షన్ నాలుగేళ్లకు పాత లైసెన్సులోకి వస్తుందన్నదీ నిజమే. కానీ నాలుగేళ్లనాటి కోడ్‌తో నేటి క్లౌడ్‌ను నడపలేం. ఒకసారి రాత్రికి రాత్రే షరతులు మార్చిన కంపెనీ మళ్లీ మార్చదన్న భరోసా ఎక్కడుంది?

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో టెర్రాఫామ్‌తో రోజూ పనిచేసే మన ఇంజినీర్లు ఎన్ని ఫీచర్లున్నాయన్నది ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. లైసెన్సు ఎవరి గుప్పిట్లో ఉందో ముందుగా చూడాలి. టెర్రాఫామ్, ఓపెన్‌టోఫుల దారులు వెర్షన్ వెర్షన్‌కూ వేరుపడుతున్నందున, ఓపెన్‌టోఫుకు మారడం ఆలస్యమయ్యే కొద్దీ భారమవుతుంది. ఇక ప్రభుత్వాల సంగతికొస్తే, ఈ-పరిపాలనలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. బిజినెస్ సోర్స్ లైసెన్సు ఓపెన్ సోర్స్ కిందికి రాదు. ప్రజల సొమ్ముతో నడిచే క్లౌడ్ సేవలకు ఓపెన్‌టోఫు వంటి సాధనాలనే వాడాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు టెండరు పత్రాల్లోనే షరతు విధించాలి.